అరచేయి చూపిస్తే మర ఆపాలి

పిల్లల ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.
ఆపరేషన్ అయిన ఆరో రోజు.

అన్నయ్యా,

నీ ఫోన్ మోగనైనా మోగడం లేదు. మోగినా నీకు వినపడదని తెలుసు, అయినా రోజుకు రెండుసార్లు చేస్తున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని అమ్మ నిన్ను ఆటపట్టించేది గుర్తుందా? ఇప్పుడా శంఖం నా చేతికి వచ్చింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మన గింజపిల్ల తల వెనక, మెడకు కాస్త పైన ఉన్న గడ్డను దాదాపు మొత్తం తీసేశారు. చెడ్డ గడ్డ కాదని నిన్న రిపోర్టు కూడా వచ్చింది. ఆ మాట వినగానే ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, కుర్చీలోంచి లేవలేదు. ఎందుకో చెబుతాను.

మొదటి రోజు మెలకువ వచ్చాక బాగానే మాట్లాడింది. నీళ్ళు అడిగింది. తర్వాత కళ్ళు అటూ ఇటూ తిప్పి, "అమ్మా, మర ఆగిపోయిందా?" అంది. నేను పనికి వెళ్ళిన మధ్యాహ్నాలన్నీ ఏడాదిన్నరగా నీ పిండిమరలో గడిపిన పిల్ల కదా, ఇక్కడి నిశ్శబ్దం దానికి వింతగా తోచినట్టుంది. "ఆగింది, నువ్వు పడుకో" అన్నాను. ఎందుకు పడుకోమన్నానా అని ఇప్పుడు కుమిలిపోతున్నాను. ఇంకో నాలుగు మాటలు మాట్లాడించి ఉండాల్సింది.

మర్నాడు సాయంత్రానికల్లా మాట పోయింది. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. అమ్మా అని కూడా అనదు. తల వెనక భాగంలో ఆపరేషన్ జరిగిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుందట. మొదట బాగుండి, ఒకటి రెండు రోజుల్లో మాట ఆగిపోతుందట. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, మెల్లగా తిరిగి వస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. వస్తే మునుపటిలాగే వస్తుందా అని అడిగాను. "చూద్దాం" అంది. ఆ మాట ఆవిడ మంచిగానే అంది, నాకే మింగుడు పడలేదు.

మాట లేదు గానీ అరుపు ఉంది. సన్నగా, ఒకటే శ్రుతిలో, ముట్టుకుంటే అరుస్తుంది, దుప్పటి సర్దితే అరుస్తుంది. నా వైపు చూడదు. నా భుజం పక్కనుంచి గోడను చూస్తుంది. ఐదేళ్ళు పెంచిన పిల్ల దగ్గర నేను కొత్తమనిషినైపోయాను.

వాళ్ళ నాన్నకు కబురు పెట్టాను. "నేను చూడలేను" అన్నాడు. చూడలేనంటే రానని అర్థం, మనకది కొత్త కాదు.

మంచం దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. నువ్వొస్తే ఒక గంట మెట్ల మీద కూర్చుంటాను, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఎప్పుడొస్తావు?

నీ చెల్లి


పిండిమర,
మధ్యాహ్నం, కరెంటు పోయిన వేళ.

చెల్లీ,

ముందు ఫోన్ సంగతి చెప్పేస్తాను. నువ్వు వెళ్ళిన రోజే గోధుమలు పోస్తుంటే చొక్కా జేబులోంచి జారి తొట్టిలో పడింది. పిండీ కాలేదు, ఫోనుగానూ మిగల్లేదు. ఆ సంచి తెచ్చినావిడ "ఇప్పుడు ఈ పిండి తింటే ఫోన్ మోగుతుందేమో" అందట. పక్కవాళ్ళు కాగితం మీద రాసి చూపిస్తే నవ్వాను.

గడ్డ మంచిదేనన్న మాట పదిసార్లు చదివాను. మిగతాది ఒక్కసారే చదివాను.

రావాలనే ఉంది. కానీ మర రాళ్ళు అరిగిపోయాయి, మళ్ళీ గరుకు తేలేలా గంట్లు కొట్టాలి. పై రాయి ఎత్తి దింపాలి, ఉలి పట్టుకుని ఒక్కో గంటూ చెక్కుకుంటూ పోవాలి. వారం రోజుల పని, నీకు తెలియనిదేముంది. సగంలో వదిలేసి రాలేను. అవగానే బయల్దేరతాను.

వచ్చినవాళ్ళందరూ "చిన్న ఓనరు ఏదీ?" అని అడుగుతున్నారు. ఊరెళ్ళింది అంటున్నాను. తూకం పక్కన దాని బోర్లించిన డబ్బా అలాగే ఉంది. నిన్నొక ముసలాయన దాని మీద కూర్చోబోతే లేపేశాను. ఆయన కోపంతో ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. చెవుడుకు ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

నువ్వు రాయడం మానకు. గింజ ఏం చేసినా రాయి. కన్ను ఆర్పినా, వేలు కదిపినా రాయి. ఇదెందుకులే అని ఏదీ వదిలెయ్యకు.

అన్నయ్య


పిల్లల ఆసుపత్రి, అదే మంచం.
పదిహేనో రోజు.

అన్నయ్యా,

వదిలెయ్యకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, విసుక్కోకు.

పొద్దున్నే నర్సు వచ్చి ముక్కులోంచి వేసిన గొట్టంలో పాలు పోస్తుంది. మింగడం కూడా మరిచిపోయింది గింజ. తర్వాత ఫిజియో అమ్మాయి వస్తుంది. పాతికేళ్ళుంటాయేమో, బక్కగా ఉంటుంది గానీ మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారే, ఆ రకం. గింజను లేపి కూర్చోబెడుతుంది, మెడ నిలబెడుతుంది, పాదాలు పైకి వంచుతుంది. ఆ అరగంటా గింజ అరుపు వింటే వార్డులో తక్కిన తల్లులు తలలు తిప్పుకుంటారు. ఆ అమ్మాయి మాత్రం "అంతే తల్లీ, అయిపోయింది, ఇంకొక్కసారి" అంటూ పది సార్లు చేయిస్తుంది. నాకు ఆ అమ్మాయి మీద కోపం వస్తుంది. ఆ కోపం తప్పని తెలుసు, అయినా వస్తుంది.

మధ్యాహ్నం అంతా ఖాళీ. పక్క మంచం పిల్లాడు ఇంటికి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ మంచినీళ్ళ సీసా నింపిపెట్టేది. ఇప్పుడు ఆ మంచం మీద ఉతికిన దుప్పట్లు పేర్చారు. గింజకు కబుర్లు చెప్పమని డాక్టరమ్మ చెప్పింది, చెబుతున్నాను. మా కళ్ళజోళ్ళ దుకాణం కబుర్లు, నీ మర కబుర్లు, కిటికీలోంచి కనిపించే బస్సుల రంగులు. మాట్లాడి మాట్లాడి నా గొంతు నాకే పరాయిగా వినిపిస్తోంది. అటునుంచి ఊ అనే వాళ్ళు లేకపోతే కబుర్లు ఎంత తొందరగా అయిపోతాయో ఇప్పుడే తెలిసింది.

ఇంకేముంది? ఆఁ, చెయ్యి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటుంది. కాసేపు అలా రాసుకున్నాక వేళ్ళు విచ్చుకుని అరచేయి చాపుకుంటుంది, దుప్పటి మీద వాలిపోతుంది. అంతే.

రాళ్ళ పని అయిందా?

నీ చెల్లి


పిండిమర,
ఉదయం, తలుపులు తీయకముందు.

చెల్లీ, చెల్లీ!

అంతే అని రాశావు. అది అంతే కాదమ్మా! నిన్న ఆ ముక్క చదివాక చేతిలో ఉన్న సంచి ఎవరిదో ఎవరికో ఇచ్చేశాను.

మర తిరుగుతుంటే నోటి మాట పనికిరాదు, నాలాంటి వాడికి అసలే పనికిరాదు. మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. బొటనవేలూ చూపుడువేలూ రాస్తే, పిండి చూడు, బరకా మెత్తనా అని. పిడికిలి తిప్పితే మర వెయ్యి అని. అరచేయి చాపి చూపిస్తే ఆపమని. గింజ నాకన్నా బాగా పట్టేసింది. వారానికల్లా నేను వేలు పెట్టకుండానే, డబ్బా మీద కూర్చుని పిండి రాసి చూసి "బరక" అని చెప్పేది. దాని మాట ఎప్పుడూ తప్పలేదు.

మొదటి రోజే దానికొక నియమం చెప్పాను. బెల్టు పక్కన పని, ఆటలు కాదు. ఎవరు అరచేయి చూపించినా మర ఆపాలి. నేనైనా సరే, అదైనా సరే, సంచి తెచ్చిన దారిన పోయేవాళ్ళైనా సరే. ముందు ఆపు, ఎందుకని తర్వాత అడుగు. మన నాన్న వేలు పోయింది ఆ అడగడంలోనే కదా.

అది నీతో మాట్లాడుతోందే పిచ్చిదానా! నోరు రాక చేత్తో మాట్లాడుతోంది. అరచేయి చాపిందంటే ఆపమని. ఏం చేస్తున్నా సరే ఆపెయ్యి. ఆ ఫిజియో అమ్మాయికీ చెప్పు. దయచేసి ఆపు.

రాళ్ళ పని సగంలో ఉంది. ఇంకో వారం.

అన్నయ్య


కిటికీ పక్క మంచం.
ఇరవై నాలుగో రోజు.

అన్నయ్యా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ అమ్మాయి గింజను లేపబోతుంటే అరచేయి విచ్చుకుంది. "ఆపండి" అన్నాను. "ఇప్పుడే మొదలెట్టాను కదా" అంది. "ఆపమంటోంది, ఆపండి" అన్నాను. ఆపింది. గింజ అరుపు ఆగింది! మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి అసలు ముట్టుకోనివ్వలేదు. ఆ అమ్మాయి రోజూ వచ్చి మంచం చివర నిలబడి, ఏదో చెప్పబోయి, పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోతోంది.

వారం రోజులుగా గింజ ప్రశాంతంగా ఉంది. నేను దాని పక్కన కూర్చుని నా వేళ్ళు రాస్తాను. అదీ రాస్తుంది. నేను అరచేయి చాపుతాను. కాసేపటికి అదీ చాపుతుంది. ఇన్నాళ్ళకు నాకు ఊ కొట్టే మనిషి దొరికింది. ఇరవై నాలుగు రోజుల తర్వాత నిన్న కడుపునిండా అన్నం తిన్నాను.

నీకు చెవుడు రావడం కూడా ఒకందుకు మంచిదే అనిపించింది. తిట్టుకోకు.

నీ చెల్లి


కిటికీ పక్క మంచం.
ముప్పై ఒకటో రోజు.

అన్నయ్యకు,

నిన్న మధ్యాహ్నం గింజ నిద్రపోతుంటే ఫిజియో అమ్మాయి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. "చప్పుడు చెయ్యకుండా పాప చెయ్యి చూడండి" అన్నారు. చూశాను. గాఢ నిద్రలో ఉంది. బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటున్నాయి. తర్వాత అరచేయి విచ్చుకుంది. వాలిపోయింది. మళ్ళీ మొదలు.

అది వణుకు. ఆపరేషన్ అయిన పిల్లలకు చేతులు అదుపు తప్పి అలా ఆడుతూ ఉంటాయట. నేను వేళ్ళు రాసినా రాయకపోయినా దాని వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. నేను రెండు వారాలు ఒక వణుకుతో కబుర్లాడాను. ఊ కొట్టిందని మురిసిపోయి అన్నం తిన్నాను.

అసలు సంగతి అది కాదు. కదలికలు ఆపించిన ఆ రోజుల్లో పాదాలు రెండూ కిందికి సాగి బిగుసుకుపోయాయి. పట్టుకుని నిలబెడితే మడమలు నేలకు ఆనడం లేదు. మోకాళ్ళ దాకా చెక్కల్లాంటివి కట్టారు. అవి కట్టేటప్పుడు అది అరిచిన అరుపు నేను రాయను, నువ్వు రాయమన్నా సరే. "వెనక్కి వెళ్ళాం, మళ్ళీ ముందుకు వద్దాం" అని ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. తిట్టినా బాగుండేది.

నీ మర భాష నీ మరలోనే పెట్టుకో. నమ్మింది నేనే, తప్పు నాదే. కానీ నువ్వు కళ్ళారా చూసుంటే ఇది జరిగేదా? ఒక్కరోజు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని చూసుంటే చాలదా? వారం పని నెలైనా కాలేదా? వస్తే రా. రాకపోతే ఎందుకు రావో చెప్పు.

చెల్లి


పిండిమర.
తలుపులు వేసే ఉన్నాయి. కరెంటు ఉంది.

చెల్లీ,

ఈ రోజు మర వెయ్యలేదు. ఇది రాసేదాకా వెయ్యకూడదనుకున్నాను.

రాళ్ళ పని నీకు రాసిన వారమే అయిపోయింది. అదొక వంక. రాకపోవడానికి కారణం వేరే.

గింజకు తలనొప్పి అని నీకు తెలియకముందే నాకు తెలుసు. నువ్వు ఆసుపత్రికి ఎత్తుకెళ్ళడానికి రెండు నెలల ముందు, ఒక మధ్యాహ్నం అది డబ్బా మీద కూర్చుని అరచేయి చూపించింది. ఆపాను. "మామయ్యా, తల నొప్పి" అని వెనక్కి తట్టి చూపించింది. నాకు వినపడదని పెదాలు సాగదీసి చెప్పింది. మర హోరుకేమో అనుకున్నాను. చెవుల్లో దూది పెట్టాను. "అమ్మకి చెప్పకు, చెబితే నన్ను ఇక్కడికి పంపదు" అంది. ఆ మాట నేనూ అనుకున్నాను, అది పైకి అనేసింది.

ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు అలాగే. ఒకసారి కక్కుకుంది కూడా, ఎండకేమో అనుకున్నాను. నీకు చెబుదామని సాయంత్రం అనుకునేవాణ్ణి. నువ్వు దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చేసరికి అది గంతులేస్తూ ఉండేది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి. నిజం చెప్పనా? ఈ హోరులో నాతో మాట్లాడే ప్రాణి అదొక్కతే. దాని మధ్యాహ్నాలు పోతాయని భయపడ్డాను.

ఆఖరిసారి జనం వరసలో ఉన్నారు. అది అరచేయి చూపించింది. నేను నవ్వి, ఉండు ఉండు అని తల ఊపాను. రెండో చెయ్యి కూడా ఎత్తింది. రెండు అరచేతులూ చూపిస్తూ అలా కూర్చుంది. ఆపలేదు చెల్లీ. దానికి నేర్పిన ఒక్క నియమం నేనే తప్పాను. నాలుగో రోజున మీ ఇంటి మెట్ల మీద పడిపోయిందని కబురొచ్చింది.

నీ ఉత్తరంలో అరచేయి అన్న ముక్క చూడగానే ఈసారైనా ఆపుదామనుకున్నాను. ఇంత దూరం నుంచి నీ చేత ఆపించాను. అదీ తప్పే అయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే, ఆ ఆకులు కూడా పిల్ల కాళ్ళకే తగిలాయి.

దాని ముందుకు ఏ మొహం పెట్టుకుని రాను?

అన్నయ్య


ముప్పై తొమ్మిదో రోజు.

చదివాను. రెండు నెలలు.

ఇక రాయకు. రావద్దు కూడా.


ఇది ఉత్తరం కాదు. సంచికి గుచ్చే చీటీ.

రెండు చిన్న గుడ్డ సంచుల్లో పిండి పంపుతున్నాను. నీలం దారం కట్టినది మెత్తన. ఎర్ర దారం కట్టినది బరక. గింజ వేళ్ళకు పని చెప్పడానికి ఇవి పనికొస్తాయేమో ఫిజియో అమ్మాయినే అడుగు, నా మాట మీద ఏమీ చెయ్యకు. పనికిరావంటే కిటికీలో పిచ్చుకలకు పొయ్యి.


పిల్లల ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.
డెబ్భై ఒకటో రోజు.

అన్నయ్యా,

రాయకు అన్నదీ నేనే, రాస్తున్నదీ నేనే. నవ్వుకుంటే నవ్వుకో.

నీ ఉత్తరం చదివాక మూడు వారాలు నిన్ను తిట్టుకుంటూ బతికాను. దుప్పటి మడతపెడుతూ, గొట్టం కడుగుతూ, మెట్లు ఎక్కుతూ నిన్నే తిట్టాను. ఒంటరిగా ఉన్నదానికి కోపం కూడా తోడే. అది కూడా లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు. ఒకరోజు డాక్టరమ్మను నిలదీసి అడిగాను. రెండు నెలల ముందే తెచ్చి ఉంటే దీనికి మాట పోయేది కాదా అని. ఆవిడ నా పక్కన కూర్చుంది. "గడ్డ కొంచెం చిన్నగా ఉండేది. అయినా అదే చోట కత్తి పెట్టాలి కదా. మాట అప్పుడైనా పోయేదేమో, పోకపోయేదేమో, ఎవరూ చెప్పలేరు. ముందుగా మీకేమైనా కనిపించిందా?" అని ఎదురు అడిగింది. లేదు అన్నాను.

అబద్ధం చెప్పాను అన్నయ్యా. అది నీకే మొదటిసారి చెబుతున్నాను.

ఆ రెండు నెలల్లోనే గింజ తల ఒక పక్కకి వాల్చి చూడడం మొదలుపెట్టింది. బొమ్మల పుస్తకం చూసినా అంతే, నన్ను చూసినా అంతే. నేను రోజంతా జనం మొహాల మీద కళ్ళజోళ్ళు సరిచేసేదాన్ని కదా, నా కంటికి ఏం కనిపిస్తుంది? దాని కళ్ళజోడు వంకరగా ఉందనిపించింది. దుకాణానికి తీసుకెళ్ళి, వేడి ఇసుక గిన్నెలో కాడ ముంచి, మెత్తబడ్డాక చెవి దగ్గర కాస్త వంచాను. రెండు రోజులు చూశాను, మళ్ళీ తల వాల్చింది. రెండో కాడ వంచాను. మూడోసారి ముక్కు మీద ఆనే మెత్తలు మార్చాను. తల నిలబెట్టమని గడ్డం పట్టుకుని కసిరాను కూడా. ఒకటి రెండుగా కనిపిస్తుంటే పిల్లలు తల అలా వాల్చి చూస్తారట, లోపల గడ్డ ఉంటే అలా అవుతుందట. పదేళ్ళుగా కళ్ళ దుకాణంలో పని చేస్తున్నాను. నువ్వు చెవుల్లో దూది పెట్టావు, నేను కాడలు వంచాను.

నీ రెండు నెలలూ నా మూడుసార్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఏది ఎక్కువ బరువో తేలలేదు.

ఇప్పుడు అసలు విషయం.

నీ సంచులు ఫిజియో అమ్మాయికి ఇచ్చాను. నేను నోరు మెదపలేదు, ఆ అమ్మాయే "బాగున్నాయే!" అంది. రోజూ గింజను దిళ్ళ మధ్య కూర్చోబెట్టి, పళ్ళెంలో పిండి పోసి, దాని వేళ్ళు అందులో పెట్టేది. పందొమ్మిది రోజులు ఏమీ లేదు. ఒకరోజు దాని చెయ్యి విసురుకి పళ్ళెం కింద పడి వార్డంతా తెల్లగా అయింది. తుడిచే ఆవిడ "ఇది ఆసుపత్రా, పిండిమరా?" అని సణిగింది. నాకు నవ్వు రాలేదు, నువ్వు గుర్తొచ్చావు. ఇంకా కోపం వచ్చింది.

మొన్న పొద్దున కూడా నీలం దారం సంచిలోంచి పోసింది. వేళ్ళు పిండిలో ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ రాసుకున్నాయి. నేను మొహం తిప్పుకున్నాను. ఆ వేళ్ళలో ఇంకేమీ చదవనని ఒట్టు పెట్టుకున్నాను కదా. అప్పుడు దాని ముక్కు ముడుచుకుంది. పెదాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి. బావి అడుగునుంచి చేద లాగినట్టు, సన్నగా, ఏ రాగమూ లేకుండా ఒక గొంతు వచ్చింది.

"బ... రక."

ఫిజియో అమ్మాయి "ఏంటమ్మా? ఏంటి తల్లీ?" అని వంగింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను వెళ్ళి ఆ పిండి వేళ్ళ మధ్య రాసి చూశాను. మెత్తన అని నువ్వు చీటీ రాసిన సంచిలోది. వేళ్ళకు గరగరా తగులుతోంది. నిజంగానే బరక. ఎర్ర దారం సంచిలోదీ అంతే.

నవ్వొచ్చింది అన్నయ్యా. అరవై తొమ్మిది రోజుల తర్వాత పగలబడి నవ్వాను. ఆ నవ్వుకు గింజ ఉలిక్కిపడి అరుపు లంకించుకుంది, గబగబా నోరు మూసుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుంటే మిగతాది తట్టింది. రాళ్ళ పని వారంలోనే అయిపోయిందని రాశావు. గంట్లు కొట్టిన రాళ్ళలో పిండి అలా రాదు. నువ్వు ఉలి ముట్టుకోలేదు. ఉన్నదంతా ఒప్పుకున్న ఉత్తరంలో కూడా ఆ ఒక్కటీ దాచావు. పోనీ, నీ వేళ్ళకు తెలియదా? ముప్పై ఏళ్ళుగా పిండి రాసి చూసే మనిషివి, పంపేముందు ఒక్కసారి చిటికెడు రాసి చూడలేదన్నమాట. అరిగిపోయిన రాళ్ళు వేసుకుని, ఏం పడుతోందో చూడకుండా, ఎవరి సంచి ఎవరికిస్తున్నావో తెలియకుండా రోజులు నెడుతున్నావన్నమాట. నువ్వెలా ఉన్నావని ఇన్ని ఉత్తరాల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇంత దూరాన మంచం మీదున్న పిల్ల కనిపెట్టి చెప్పింది.

ఎక్కువ ఆశపడకు. ఆ తర్వాత రెండు రోజుల్లో ఇంకొక్క మాటే వచ్చింది. అమ్మ అంటుందేమోనని చూశాను, "నీళ్ళు" అంది. ఒక చెంచా నీళ్ళు మింగింది కూడా. కూర్చోబెట్టి వదిలితే ఇప్పటికీ పక్కకి ఒరిగిపోతుంది. కాళ్ళకు చెక్కలున్నాయి. ఇంకా ఎన్ని నెలలో డాక్టరమ్మ చెప్పడం లేదు, నేనూ అడగడం మానేశాను. ఆవిడకు కాడల సంగతి రేపు చెబుతాను. ఫిజియో అమ్మాయికి నిన్ననే క్షమాపణ చెప్పాను, "పళ్ళెం పట్టుకోండి ముందు" అంది.

నిన్ను క్షమించానా అని అడగకు, నాకే తెలియదు. నన్ను నువ్వు క్షమిస్తావా అని నేనూ అడగను. దాని ముందుకు ఏ మొహం పెట్టుకుని రాను అన్నావు. అది మొహాలు చూడడం ఇంకా మొదలుపెట్టలేదు. నిన్న నన్ను చూసింది, ఒక్క క్షణం, తల వాల్చకుండా. నీ వంతు వచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండాలి.

కింద గీసి ఉన్నది గింజ చెయ్యి. కాగితం మీద పెట్టి నేనే పెన్సిల్ తిప్పాను. మధ్యలో వణకడం వల్ల చిటికెనవేలు రెండుసార్లు పడింది, ఆరు వేళ్ళనుకోకు. వేళ్ళన్నీ చాపే ఉన్నాయి, సరిగ్గా చూడు.

అరచేయి చూపిస్తే ఏం చెయ్యాలో నీకు తెలుసు. ఎందుకని వచ్చాక అడుగుదువుగాని.

నీ చెల్లి